నిలువు గళ్ళు

గళ్ళ నుడికట్టు చేతికొస్తే నేనిప్పటికీ నిలువు ఆధారాల జోలికి పోను.

యుద్ధం రోజుల్లో, చింతామణి స్టేషన్‌లో చిక్కబళ్ళాపురం రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన వారపత్రికలో అడ్డం గళ్ళు మాత్రమే నింపుతున్నాడు. ‘తిరగబడిన తీగ శిరస్సయింది’ అన్న ఆధారం నాకు అంతుపట్టలేదు.

“తీగంటే లత. వెనక్కి చదువప్పా,” అన్నాడు.

తల! హుషారొచ్చి, నిలువులో ఒకటి నింపుదామని పెన్సిల్ అడిగాను. ఆయన అరచేత్తో కాగితం మూసేశాడు.

“నిలువువి నా కొడుకువప్పా. బర్మా యుద్ధానికి పోయుండాడు. అడ్డం నేను రాసి అంపితే, మిగిలింది వాడు నింపి అంపుతాడు.”

కవరు కోసం సంచి తెరిచాడు. ఆ చిరునామాలో మనిషి లేడన్న ముద్రతో తిరిగొచ్చిన కవర్లు లోపల కట్టగా ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

“ఈ తూరి నిలువు సులువుగా ఇచ్చిండారు,” కొత్త కవరు అంటిస్తూ అన్నాడు. “వాడు బిన్నే అంపుతాడు.”