కౌంటరు టెర్మినల్‌లో పద్మక్క పేరు

నా కడుపులో ఒక మాట ఉండిపోయిందండి. దాన్ని మోస్తూనే పిల్లల్ని పెంచాను, పెళ్ళిళ్ళు చేశాను, ఇప్పుడు మనవలకి కథలు చెబుతున్నాను. వాళ్ళు నిద్రపోయేదాకా ఎన్ని కథలైనా చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. అన్నం ముందు కూర్చుంటే పక్కనే కూర్చుంటుంది. పడుకుంటే పక్కనే పడుకుంటుంది. పాతికేళ్ళు దాటింది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

నేను చదివింది ఐదో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. అయితే ఒకసారి విన్నది మర్చిపోను. చిన్నప్పుడు పురాణం చెప్పే ఆయన మా వీధిలో నెల రోజులు చెబితే, తర్వాత నెల నేను అరుగు మీద కూర్చుని అదంతా ఆడవాళ్ళకి చెప్పాను. అందరూ అబ్బురపడేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

కోనసీమ నుంచి రాజమండ్రి వచ్చాక ఒక కంటి ఆస్పత్రిలో ఆయాగా చేరాను. చిన్న ఆస్పత్రి. ఇప్పుడు లేదు. పేరు చెప్పను. ఉద్యోగం ఇప్పించింది పద్మక్క. మా వాటాకి ఎదురు వాటాలో ఉండేది. తోడబుట్టింది కాదు, కానీ అంతకన్నా ఎక్కువ. వాళ్ళమ్మని చూసుకోవాలని పెళ్ళి మాట ఎత్తనిచ్చేది కాదు. ఆస్పత్రిలో పేర్లు రాసుకునే కౌంటరు ఆవిడదే.

కౌంటరులో ఒక టెర్మినల్ ఉండేది. టీవీ లాంటి పెట్టె, ముందు మీటలు, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. బుర్ర అందులో ఉండేది కాదు. లోపలి గదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉండేది, వార్డులో, మందుల దగ్గర, కౌంటరులో ఉన్న టెర్మినళ్ళకి దాని నుంచి వైర్లు వెళ్ళేవి. ఎవరైనా కూర్చుని పేరు, పాస్‌వర్డు కొడితే లోపలికి రానిచ్చేది. దాన్ని లాగిన్ అనేవారు. ఒక్కో వైరు ఎలా నడుచుకోవాలో ఆ పెద్ద కంప్యూటరులో ఒక్కో లైనుగా రాసి ఉండేది. ఎంత వేగంతో మాట్లాడాలి, పాస్‌వర్డు కొడుతుంటే అక్షరాలు చూపించాలా వద్దా, టెర్మినల్ ఆపేస్తే లోపలున్న మనిషిని బయటికి పంపాలా వద్దా, అన్నీ అందులోనే.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? శేఖర్ గారు చెప్పారు. ఆ కంప్యూటరు చూసుకునే ఆయన.

ఒక వానాకాలం పొద్దున్న కౌంటరు టెర్మినల్ నిండా పిచ్చి గీతలు వచ్చాయి. ముందు రోజు పాతది పాడైతే కొత్తది పెట్టారు, దాని వేగం వేరు. పద్మక్క ఆ రోజు సెలవు. శేఖర్ గారు కాకినాడలో చెల్లెలి పెళ్ళి పనుల్లో ఉన్నారు. బయట జనం. ఆయన ఫోను చేస్తే ఎత్తింది నేను. "మీకు ఏబీసీడీలు వచ్చా అమ్మా?" అన్నారు. "వచ్చండి, కూడబలుక్కుంటాను" అన్నాను. "అయితే మీరే చెయ్యాలి, ఇక్కడ మా వాళ్ళు నన్ను పెళ్ళికొడుకు కన్నా ఎక్కువ వెతుకుతున్నారు" అని నవ్వి, లోపలి గదిలో కూర్చోబెట్టి, కంప్యూటరు మొత్తం తెరిచే పెద్ద పాస్‌వర్డుతో సహా అక్షరం అక్షరం చెప్పారు. నేను కొట్టాను. ఆ లైనులో ఒక్కో మాట ఏం చేస్తుందో అడిగాను. అడిగేవాళ్ళు ఎవరుంటారండి ఆయన్ని? సంబరంగా చెప్పారు.

"ఆ చివరి మాట తీసేస్తే ఏమవుతుందండి?"

"తీసేస్తే, టెర్మినల్ ఆపినా లోపలి మనిషి లోపలే ఉండిపోతారు. మళ్ళీ ఆన్ చేసి ఎవరు కూర్చున్నా పాత మనిషే అనుకుంటుంది. అందుకే తీయకూడదు. సరే అమ్మా, పనైపోయింది, ఇవన్నీ ఇక మర్చిపోండి."

మర్చిపొమ్మన్నారు. అందరూ మర్చిపోతారు కదా అని అన్నారు. నా సంగతి ఆయనకి తెలీదు.

మా ఆయన అప్పటిదాకా ఊళ్ళోనే ఉండి పొలం పనులకి వెళ్ళేవాడు, నేనే అక్కడికి వెళ్ళి వస్తుండేదాన్ని. ఆ ఏడాది దాళ్వా, అంటే రెండో పంట నూర్పుల్లో ఆయన కంట్లో వడ్ల గింజ ఎగిరి పడింది. ఒక కన్ను చిన్నప్పుడే తట్టు వచ్చి పోయింది. ఉన్నది ఆ ఒక్కటే. ఆకు పసరు పోశారు ఊళ్ళో. కన్ను చీము పట్టి, మానేసరికి తెల్లగా పువ్వు వేసింది. నేను ఎదురుగా నిలబడితే "ఎవరూ?" అనేవాడు. అన్నం కంచం పక్కన నేల మీద వేళ్ళతో వెతుక్కునేవాడు. మా ఆస్పత్రికే తీసుకొచ్చాను. చనిపోయినవాళ్ళు ఎవరైనా కన్నిస్తే పైపొర మారుస్తాం, వంతు రావాలి అన్నారు డాక్టరు గారు. ఆలస్యమైతే అంటుకోకపోవచ్చు అని కూడా అన్నారు.

వంతుల వరస ఆ కంప్యూటరులోనే ఉండేది. పద్మక్క పేరుతో వెళితేనే అది తెరుచుకునేది. మా ఆయన పైన ఇంకా కొందరు ఉన్నారు. అందరికన్నా ముందు పిఠాపురం నుంచి వచ్చే ఒక దర్జీ ఆవిడ. వచ్చినప్పుడల్లా కౌంటరు దగ్గర నిలబడి "నా వంతు ఎక్కడిదాకా వచ్చిందండి?" అని అడిగేది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వాళ్ళని బతిమాలుకుంటున్నానని చెప్పేది.

పద్మక్కని అడగలేదా అంటారేమో. అడిగాను. చాటుగా, నవ్వుతున్నట్టు. ఆవిడ నవ్వలేదు. "రేపు ఇంకొకరు వచ్చి మీ ఆయన్ని కిందకి తొయ్యమంటే తొయ్యనా?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడిచాను, ఆవిడా ఏడిచింది.

ఒక రోజు డాక్టరు గారు మాట్లాడుతుంటే విన్నాను. ఎవరో కన్నిచ్చారట, పరీక్షలయ్యాక రెండు రోజుల్లో పంపుతారట.

మర్నాడు పొద్దున్నే తుడవడానికి వెళ్ళాను. లోపలి గదిలో కూర్చున్నాను. శేఖర్ గారు చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే కొట్టాను. కౌంటరు లైనులో ఆ చివరి మాట తీసేశాను.

పద్మక్కకి ఒక అలవాటుండేది. అందరికీ ఉండేది. సాయంత్రం బస్సు తొందరలో బయటికి వచ్చే మాట కొట్టకుండా టెర్మినల్ బొత్తాం నొక్కి ఆపేసి వెళ్ళిపోవడం. ఆపితే చాలు, పేరు దానంతట అదే బయటికి వచ్చేసేది కదా. ఆ నమ్మకం మీద వెళ్ళేది. ఆ నమ్మకాన్నే నేను తీసేశాను.

ఇక్కడ ఒకటి చెప్పాలి. కోపంలోనో తొందరలోనో చేసిన పని కాదు అది. పొద్దున్న మార్చాను. సాయంత్రం దాకా టైముంది. మధ్యాహ్నం పద్మక్క తన క్యారేజీలోంచి నాకు గోంగూర పచ్చడి వేసింది, "ఇంత చిక్కిపోయావేంటే, తిను" అంది. తిన్నాను. వెళ్ళి ఆ మాట మళ్ళీ పెట్టేయవచ్చు. ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఎందుకు పెట్టలేదు? భర్త కోసమని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. నిజమేనా? దర్జీ ఆవిడ కన్ను కూడా కన్నే అని నాకు తెలుసు. పేరు పద్మక్కది పడుతుందని తెలుసు. తెలిసే గోంగూర అన్నం కలుపుకుని తిన్నాను. భర్త మీద ప్రేమ ఉన్నవాళ్ళు అందరూ ఇలా చేస్తారా?

సాయంత్రం ఆవిడ బొత్తాం నొక్కి, చెప్పులేసుకుని, "వస్తానే" అని వెళ్ళిపోయింది. కౌంటరు తుడుస్తూ టెర్మినల్ ఆన్ చేశాను. పేరు అడగలేదు. పాస్‌వర్డు అడగలేదు. పద్మక్కే కూర్చుంది అనుకుంది. ఆవిడ వరస తెరవడం రోజూ పక్కనుంచి చూసేదాన్నే. తెరిచాను. మా ఆయన్ని మొదటికి తెచ్చాను. బయటికి వచ్చే మాట కొట్టి ఆపేశాను. మర్నాడు పొద్దున్న తీసిన మాట మళ్ళీ దాని చోట పెట్టేశాను.

కన్ను వచ్చింది. మా ఆయనకి పిలుపు వచ్చింది. పద్మక్క తెల్లబోయింది, తనే ఏదో మర్చిపోయాననుకుంది. అంతలోనే సంతోషపడింది కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఊపిరాడదు నాకు.

తర్వాత దర్జీ ఆవిడ వచ్చింది. "ముందు నా పేరే అన్నారు కదండి" అని నిలబడింది. అరవలేదు. నిలబడింది, అంతే. ఆస్పత్రి వాళ్ళు కంప్యూటరులో చూస్తే వరస మార్చినచోట ఆ తేదీ, పద్మక్క పేరు ఉన్నాయి. శేఖర్ గారు కౌంటరు లైను చూశారు. అంతా సవ్యంగానే ఉంది. ఆపగానే పేరు బయటికి వచ్చేస్తుంది, ఇంకొకరు చేసే వీలు లేదు అన్నారు. ఎవరికి మేలు జరిగిందో చూశారు. స్నేహితురాలి మొగుడికి. ఇంకేం కావాలండి? ప్రేమ కొద్దీ చేసిందన్నారు. నన్నూ పిలిచి అడిగారు. "నాకేం తెలీదండి" అన్నాను. పద్మక్కని తీసేశారు. కౌంటరు ముందు నలుగురూ చూస్తుండగా తాళాలు తీసుకున్నారు.

కట్టు విప్పాక ఆవిడ మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం పోయిన మనిషి, రోగిని చూడటానికి అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. చూపు పోయాకే ఈ ఊరు వచ్చాడు కాబట్టి మా ఆయన ఆవిణ్ణి గొంతుతో తప్ప ఎరగడు. మసకగా చూశాడు.

"వదినా, గొంతు విని ఇంకా పెద్ద అందగత్తెవి అనుకున్నానే!"

"చూపొచ్చిందిలే మరిదిగారూ. ఆ నోటికి కూడా ఓ కట్టు కట్టించుకోవాల్సింది."

ఇద్దరూ నవ్వారు. నేను టీ పెట్టే వంకతో పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ నా వెనకే వచ్చింది. గొంతు తగ్గించింది.

"నేను మార్చలేదే. అమ్మ మీద ఒట్టు. ఆ సాయంత్రం కౌంటరు తుడిచింది నువ్వు కదా. నేను వెళ్ళాక ఎవరైనా అక్కడికి వచ్చారా? కాస్త గుర్తు తెచ్చుకో."

నేను పొయ్యి వైపు చూస్తున్నాను.

"గుర్తు లేదక్కా" అన్నాను.

ఆవిడ ముందుకొచ్చి నా ముఖంలోకి చూసింది. తర్వాత, "నీకు గుర్తు లేదా" అంది. అడిగినట్టు లేదు ఆ మాట.

టీ తీసుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాం. మా ఆయన మంచం దిగి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. "నా కోసం నీ అన్నం పోగొట్టుకున్నావు వదినా. నాకు తెలుసు. అందరూ చెప్పారు. ఈ కన్ను నువ్విచ్చిందే" అన్నాడు. కాదని ఆవిడ చెప్పవచ్చు. ఒట్టేసి నాతో అన్న మాటే ఆయనతోనూ అనవచ్చు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఆయన తల మీదుగా నన్ను చూసింది.

"లే మరిదిగారూ, వంగకూడదు. కుట్లున్నాయి" అంది. "చుక్కలు టైముకి వెయ్యవే" అని నాతో అంది. టీ తాగకుండా వెళ్ళిపోయింది.

కాదని ఎందుకు అనలేదు? అంటే, మరి ఎవరు అని ఆయన అడుగుతాడు. అందుకు. ఇది నాకు అప్పుడే తెలిసింది. తెలిసీ నోరు విప్పలేదు.

ఆవిడకి మళ్ళీ అలాంటి పని దొరకలేదు. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టులో రోజంతా నిలబడి చీరలు పరిచేది. ఎదురు వాటా ఖాళీ చేసి దూరంగా వెళ్ళిపోయింది. మా ఆయన ఏటా మామిడిపళ్ళు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. నన్ను రమ్మనేవాడు. నేను ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. దర్జీ ఆవిడకి తర్వాత వంతు వచ్చిందట, చూపు సగమే నిలిచిందట. అది విని "పోనీలే, సగమైనా" అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేనే అసహ్యించుకున్నాను.

పోయిన వానాకాలంలో పద్మక్క పోయింది. జ్వరం. వారం రోజులు ఆస్పత్రిలో ఉందట. ఆ వారంలో బస్సెక్కితే గంట ప్రయాణం. నేను ఎక్కలేదు. ఆవిడ ముఖం చూసి చెప్పాల్సిన మాట అది, ఆ ముఖం ఇక లేదు. మీరు వింటున్నారు, సరే, కానీ మీరు ఆవిడ కాదు. క్షమించానని మీరన్నా నాకది చెందదు. అనొద్దు.

అంత్యక్రియలకి మా ఆయన వెళ్ళాడు. నలుగురి మధ్యా నిలబడి, "మా కోసం తప్పు చేసి శిక్ష పడ్డ మహాతల్లి" అని చెప్పి ఏడిచాడట. వాళ్ళ తమ్ముడి పిల్లలు తలలు దించుకున్నారట. ఇంటికొచ్చి ఆ మాట ఆయన నాకు గొప్పగా చెబుతుంటే అప్పుడు తెలిసింది నాకు. చచ్చిపోయాక కూడా ఆవిడ మీద దొంగ వంతు మచ్చ ఉంది. అది మా ఆయన నోటితోనే ఊరూరా తిరుగుతోంది, పొగడ్తగా. ఆ పిల్లలు వాళ్ళ మేనత్తని అలాగే గుర్తుపెట్టుకుంటారు.

అందుకని రాశాను. ఈ కాగితాలు ముందు మా ఆయనకి ఇస్తున్నాను. వీధి అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు, ఆ ఒక్క కన్నూ పేపరుకి దగ్గరగా పెట్టుకుని. ఇది కూడా అలాగే చదవాలి. చదివాక ఏమంటాడో, ఈ ఇంట్లో నన్ను ఉండనిస్తాడో లేదో నాకు తెలీదు. ఆయన తర్వాత ఆ పిల్లలకి పంపిస్తాను, ఆ తర్వాతే మీకు.

ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.

పద్మక్క ఏ వరసా మార్చలేదు. ఎవరి వంతూ లాక్కోలేదు. ఆ సాయంత్రం ఆవిడ పేరుతో కూర్చున్నది నేను.