చెరిపేసిన కోడ్లు

వీధిలో అందరూ ఆయన్ని కరెంటాయన అంటారు. బండ్ల వైరింగ్ పనిలో ముప్పై ఏళ్లుగా తలమునకలైన మనిషి. మొదటి ఇరవై ఏళ్లూ రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బుతోనే నెట్టుకొచ్చాడు, తర్వాత స్కానర్ కొన్నాడు. స్టీరింగ్ కింద గుచ్చితే చాలు, తేడా ఎక్కడుందో కోడ్ చూపిస్తుంది. అది చేతికొచ్చాక కరెంటాయన మనుషుల మాట చెవిన పెట్టడం మానేశాడు. నిజం చెప్పాలంటే అంతకుముందూ పెద్దగా పెట్టింది లేదు, ఇప్పుడు సాకు దొరికింది.

ఆయనకో పాడు అలవాటు. కోడ్ చదవగానే చెరిపేస్తాడు. దాంతో పాటు, బండి ఆగిన క్షణంలో వేగమెంత, ఇంజను మీద భారమెంత అన్న వివరాలూ పోతాయని తెలుసు. మళ్లీ వస్తే చూద్దాంలే అనుకుంటాడు.

మళ్లీ వచ్చింది, అదీ సొంత చెల్లెలి వ్యానుకే. ఆవిడ డయాలసిస్ రోగుల్ని ఆసుపత్రికి చేరుస్తుంది. కోడ్ చెప్పిన సెన్సర్‌ని ఆయన రెండుసార్లు మార్చాడు. అయినా మూడోసారి నడిరోడ్డు మీద ఆగింది, లోపల ఆరుగురు రోగులు. ఇంకోసారి ఆగితే పని వేరేవాళ్లకిస్తామని ఆసుపత్రివాళ్లు తెగేసి చెప్పారు.

"అన్నయ్యా, అది ఎప్పుడు ఆగుతుందంటే..."

"నువ్వుండవే, మిషను చెబుతుందిగా" అంటూ కోడ్ చెరిపే బటన్ నొక్కబోయాడు.

చెల్లెలు ఆయన చెయ్యి పట్టేసుకుంది. "రెండుసార్లూ ఇలాగే అన్నావు, రెండుసార్లూ చెరిపేశావు. దాన్నీ చెప్పనివ్వవు, నన్నూ చెప్పనివ్వవు. నా పని పోతుంది అన్నయ్యా!"

కరెంటాయనకు సిగ్గేసింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సరే, చెప్పు."

"ఖాళీగా ఉంటే ఒక్కసారీ ఆగలేదు. నిండా జనం ఉండి, ఎత్తు ఎక్కుతూ ఎడమకి తిప్పితేనే ఆగుతోంది."

ఆయన స్కానర్‌లో చూశాడు. తక్కువ వేగం, ఇంజను మీద నిండు భారం. అదీ అదే చెబుతోంది. తనేమో ఇన్నాళ్లూ ఖాళీ వ్యానుని చదును రోడ్డు మీద తిప్పి, బాగైపోయిందని చేతులు దులుపుకున్నాడు.

షెడ్డు మూల పడున్న పాత బ్యాటరీలన్నీ ఇద్దరూ కలిసి వ్యానులోకెక్కించారు. వెనక వీధి ఎత్తులో ఆవిడ ఎడమకి తిప్పింది. ఇంజను టక్కున ఆగిపోయింది.

"ఆగింది!" అని పండగలా అరిచాడు కరెంటాయన.

బానెట్ ఎత్తి, సెన్సర్ వైరు పొడవునా వేలితో తడుముతూ పోయాడు. బరువుతో మలుపు తిరిగి ఇంజను ఒరిగినప్పుడల్లా ఆ వైరు ఒక ఇనప క్లిప్పుకి ఒరుసుకుంటోంది. పైతొడుగు అరిగి లోపలి రాగి బయటపడింది. క్లిప్పుని చూడగానే ఆయన ముఖం చిన్నబోయింది. కిందటేడు ఇంకేదో పని చేస్తూ తనే బిగించాడు. గుట్టుగా తీసి జేబులో వేసుకుంటే అడిగేవాళ్లు లేరు.

"ఇది నేను పెట్టిందేనే" అన్నాడు.

ఆయన వైరు మార్చి, దారి మళ్లించి కట్టాక, చెల్లెలు అదే బరువుతో అదే ఎత్తు మూడుసార్లు ఎక్కించింది. ఒక్కసారీ ఆగలేదు.

షెడ్డుకొచ్చాక కళ్లు తుడుచుకుంది. "చిన్నప్పట్నుంచీ నా మాట నువ్వు చివరిదాకా విన్నది ఇవాళే అన్నయ్యా."

"ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" అన్నాడు ఆయన.

"చాలా ఉంది."

కరెంటాయన స్కానర్ కట్టేసి, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.