ప్రాణహిత పొంగినప్పటి కుంపటి

మొన్న మా అమ్మాయి కొన్న కొత్త కెమెరా పెట్టెలో చెమ్మ పీల్చే గింజల పొట్లం ఒకటి వచ్చింది. పారెయ్యబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. నవ్వింది. తనకేం తెలుసు, అప్పటికి తను నెలల పిల్ల.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ప్రాణహిత ఒడ్డున సిరొంచలో మావారు చిన్న ఫోటో స్టూడియో నడిపేవారు. ఉన్నది ఒకే కెమెరా, ఒకే లెన్సు. మా ఇంటి కూడు దాని మీదే. వానాకాలం వస్తే లెన్సు లోపల సాలెపోగుల్లాంటి బూజు పడుతుందని, ఇక బొమ్మలన్నీ మసకేనని ఆయనకు ఒకటే దిగులు. అందుకే చెక్కపెట్టెలో చిన్న బల్బు వెలిగించి, ఆ వెచ్చదనంలో దాన్ని పిల్లకంటే భద్రంగా దాచేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు ఆయన రీళ్లు కడిగించడానికి నది దాటి మంచిర్యాల వెళ్లగానే ప్రాణహిత పొంగింది, పడవలు ఆగాయి, కరెంటు పోయి పెట్టెలో బల్బు ఆరింది. గోడలు చెమర్చాయి, పిల్లకు దగ్గు పట్టుకుంది. కుంపటి రాజేసి, పైన గంప బోర్లించి, పిల్ల గుడ్డలు ఆరేసి, వాటి పక్కన సెగ మరీ తగలకుండా లెన్సును పెట్టేదాన్ని. పొగకు ఒక భయం, చెమ్మకు ఒక భయం. చివరికి పొడి కట్టెలు అడుగంటాయి. ఉన్న నాలుగు నిప్పులూ పిల్లకేనని అత్తమ్మ కోప్పడింది, నిజమే కదా అని లెన్సు తీసి గూట్లో పెట్టి ఏడ్చాను.

అత్తమ్మ అటకెక్కి ఒక కట్టెల మోపు కిందికి తోసింది. వానల్లో పోతే తడి కట్టెలు అంటుకోవని, మా వైపు పెద్దవాళ్లు తమ కాష్ఠానికి ఎండు కట్టెలు ముందే దాచుకుంటారు. అవి ఆవిడవి. వద్దని అడ్డం పడ్డాను.

"ఈ వానల నేను సావ తియ్యి బిడ్డా. పొల్లకు ఇంత, గా అద్దానికి ఇంత రాజెయ్" అంది.

వరద తీశాక ఆయన వచ్చి లెన్సును ఎండకు పట్టి చూశారు. మచ్చ లేదు. కట్టెల సంగతి చెబితే లెన్సు పక్కన పెట్టి అటకెక్కి చూశారు. ఆ మిగిలిన వానాకాలమంతా అత్తమ్మ చిన్నగా దగ్గినా చాలు, మేమిద్దరం భయంతో ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

ఇప్పుడు నదికి వంతెన వచ్చింది, వంటింట్లో గ్యాసు ఉంది. సుఖమే, కాదనను. కానీ ఎవరైనా దగ్గితే పక్క గదిలో వాళ్లకు వినబడదు, తలుపులు మూసే ఉంటాయి.