అమ్మనడిగిన మనిషి

నారాయణఖేడ్ బస్టాండులో అమ్మా, నేనూ నాగల్‌గిద్ద బస్సు కోసం కూర్చున్నాం. దవాఖానాలో అమ్మ మోచేతికి కట్టు కట్టించుకుని వస్తున్నాం. పక్కన కందుల సంచీ పెట్టుకున్న ఒకామె చాలాసేపటి నుంచి ఆ కట్టునూ, నన్నూ మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఏమైంది పెద్దమ్మా చేతికి?" అంది.

"జారి పడ్డది," అన్నాను.

"నిన్ను అడుగుతలేను. అమ్మనడుగుతున్న."

అమ్మ భయంగా నా వైపు చూసింది. ఆమె అదీ గమనించింది.

"నువ్వు పోయి చాయ్ తాగి రా," అంది నాతో.

నేను కదల్లేదు. ఆమె లేచి వచ్చి, మా ఇద్దరి మధ్య నాకు వీపు పెట్టి కూర్చుంది. "నీ కొడుకు కొడుతున్నడా?" అని ఆమె మెల్లగా అడిగితే అమ్మ గొంతు వినిపించింది.

"కొట్టడు బిడ్డా. దుకాణానికి పోయినప్పుడల్లా బయట తాళమేస్తడు. కిటికీల నుంచి పక్కింటామెను పిలుద్దామని స్టూలెక్కి పడ్డ."

"మతిమరుపు ఎక్కువైంది, యాడికన్న పోతదని వేస్తున్న," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "గట్ల నిన్ను లోపట పెట్టి తాళమేస్తే ఉంటవా?"

ఇంతలో కంగ్టి బస్సు వచ్చింది. ఆమె నన్ను నమ్మకుండానే ఎక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను దుకాణంలో ఉన్నంతసేపూ అమ్మ పక్కింటి అరుగు మీద కూర్చుంటుంది. ఎవరైనా ఆమెను ఏదైనా అడిగితే, నేను నోరు మూసుకుని ఆగుతాను.