పచ్చరాళ్ల గుంత మొక్కకు తల్లెవరు?

తొంభైల మొదట్లో, వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో, రెండుసార్లు అమ్రాబాద్ అడవికి వెళ్లి రెండుసార్లూ దారిలోనే నల్లబడిపోయిన ఆకులతో తిరిగొచ్చాను. "ఈసారీ ఇంతే అయితే అంశం మార్చుకోవాల్సిందే" అన్నారు మా ప్రొఫెసర్. నాకు కావలసింది వెండిరంగు పూలగుత్తులుండే జానెడు మొక్క. రాగి కలిసిన మట్టిలో మిగతా మొక్కలు మాడిపోతే ఇది హాయిగా పెరుగుతుంది. మామూలు నేలలో పెరిగే దాని బంధువులకూ దీనికీ ఎంత దగ్గరో తేలాలంటే ఆకుల్లోని హరితరేణువుల జన్యుపదార్థాన్ని పోల్చాలి. ఆ ఆకులు తాజాగా ల్యాబుకు చేరాలి.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటికి బస్సెక్కి తొమ్మిదిన్నరకు అచ్చంపేట చేరాను. ఐసు కొని, ఊకలో కప్పి, గోనెసంచిలో కట్టించాను. అక్కడినుంచి జబ్బార్ భాయ్ జీపు; రోజుకు రెండు వందల కిరాయి. సంచిని చూసి ఆయన నవ్వాపుకోలేదు.

"పెండ్లిల షర్బత్‌కు ఐసు సూసిన గని, ఆకులకు ఐసేంది మేడం! జర జల్ది కానియ్యాలె. నాలుగింటికి నేను పెండ్లోళ్లను ఎక్కించుకోవాలె."

ఘాట్ ఎక్కి, అమ్రాబాద్ దాటి, మట్టిబాట చివర జీపాగింది. అటవీ కార్యాలయం ఇచ్చిన అనుమతి కాగితం సంచిలో పెట్టుకుని పావుగంట నడిస్తే పాత రాగి తవ్వకం గుంత. చుట్టూ పచ్చటి మరకల రాళ్లు, మధ్యలో నా మొక్కలు! గబగబా లేత ఆకులు తెంపి, తడిగుడ్డలో చుట్టి ఒక డబ్బాలో పెట్టాను. ఇక పోల్చడానికి మామూలు నేల మొక్కలు కావాలి. గుంత దిగువన, వాగు ఒడ్డున అవే పూలు కనిపించాయి. అదృష్టమంటే ఇదే అనుకుంటూ అవీ తెంపి రెండో డబ్బాలో పెట్టాను.

పన్నెండయింది. దగ్గర్లో మేకలు మేపుతున్న మల్లమ్మ అనే ఆమె నా డబ్బాలవైపు అనుమానంగా చూసి, పక్కన కూర్చుని జొన్నరొట్టె విరిచి ఇచ్చింది.

"గీ గడ్డికి గంత ముచ్చటేంది బిడ్డా?"

ఆకులో పచ్చగా ఉండేది తల్లి మొక్క నుంచే పిల్ల మొక్కకు వస్తుందనీ, దాన్ని బట్టి ఏది ఏ తల్లి సంతతో తెలుసుకుంటామనీ చెప్పాను. మల్లమ్మ పకపకా నవ్వింది.

"మా మేకల లెక్కనే గదనే! పోతు ఏదో ఎవనికెరుక? తల్లిని వట్టే గుర్తు. గా చెవుల మచ్చది ఎర్రదాని బిడ్డ, గా కుంటిది దాని మనుమరాలు." తర్వాత నా రెండో డబ్బా మీద వేలు పెట్టింది. "గివి యాడ తెంపినవ్?"

"వాగు ఒడ్డున."

"అయ్యో పిచ్చిదానా! వాన గొడితే గుంతల నీళ్లన్నీ గాడికే పోతయ్. ఇత్తులు గట్లనే కొట్టుకవోయి మొలిచినయ్. తల్లిని, బిడ్డను పక్కపక్కన వెట్టి సుట్టాలా కాదా అంటవా?"

రొట్టె పక్కన పెట్టేశాను. ఆ రెండు డబ్బాలతో వెళ్లిపోయి ఉంటే "తేడా ఏమీ లేదు" అని రాసేసి తప్పులో కాలేసేదాన్ని. గుంత నీళ్లు చేరని చోటు గుట్ట అవతల ఉందట; వెళ్లి రావడానికి రెండు గంటలు. జీపు దగ్గరికి వెళ్తే జబ్బార్ భాయ్ గడియారం చూపించాడు, ఐసు సంచి కారుతోంది. ఒక్క నిమిషం తటపటాయించి, రెండు డబ్బాలూ ఐసు సంచిలో పెట్టి మల్లమ్మ వెంట నడిచాను.

గుట్ట అవతలి ఆకులతో మూడో డబ్బా నింపుకుని తిరిగొచ్చేసరికి మూడున్నర. జబ్బార్ భాయ్ సంచిని నీడలోకి జరిపి, దాని మీద తన తువ్వాలు తడిపి కప్పి ఉంచాడు. "పెండ్లోళ్లు నన్ను తిడతరు, నేను నిన్ను తిడత, లెక్క సరి" అంటూనే ఘాట్‌లో జీపును పరుగెత్తించాడు. అచ్చంపేటలో కొత్త ఐసు నింపుకుని ఆరింటి బస్సెక్కాను. మూడు డబ్బాలూ పచ్చగానే చేరాయి.

కొన్ని వారాల తర్వాత ఫలితం వచ్చింది. గుంత మొక్కా వాగు మొక్కా అచ్చం ఒకేలా ఉన్నాయి. గుట్ట అవతలి మొక్క జన్యుపదార్థం చూపే గీతల్లో ఒక్కటి వేరు; అంటే దగ్గరి చుట్టమే, కానీ తల్లి వేరు. "ఈ మూడో చోటు చూడాలని నీకెలా తట్టింది?" అని ప్రొఫెసర్ అడిగితే మల్లమ్మ పేరు చెప్పాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు. అడవిలో మొక్కను గుర్తుపట్టడం నేను చదువుకుని నేర్చుకున్నాను. అది అక్కడికెలా వచ్చిందో మాత్రం రోజూ ఆ నేలమీద తిరిగేవాళ్లే చెప్పాలని ఆ రోజు అర్థమైంది. మీరూ అటు వెళ్తుంటే, అచ్చంపేటలో జీపు మాట్లాడేటప్పుడే మీరు అనుకున్న దానికన్నా రెండు గంటలు ఎక్కువ చెప్పండి.