గాజుల గుర్తున్న ఇటుక

మా అత్తవారి వైపు ఈ కథను ఇలా చెప్పుకుంటారు: నాగార్జునకొండ శిథిలాల మధ్య, పండు వెన్నెల్లో, మా ఆయన మనసు కరిగిపోయి, నా చేయి పట్టుకుని, "పోనీలే, ఉద్యోగం చేసుకో" అన్నాడట. మేము వెళ్లింది శివరాత్రి రోజుల్లో. అమావాస్య ముందర వెన్నెల ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పినవాళ్లనే అడగాలి. చేయి పట్టుకున్న మాట నిజమే కానీ, అది నా వేళ్ల లావు చూడ్డానికి. ఇక ఉద్యోగమంటారా, అది ఆయన దయతో ఇచ్చింది కాదు. పందెంలో నేను గెలుచుకున్నది.

అప్పుడు రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. పెట్రోలు కరువై బస్సులు బొగ్గు పొయ్యి వెనక తగిలించుకుని నడిచేవి. మా ఆయనకు నరసరావుపేటలో ప్లీడరీ. నేను బి.ఏ. చదివి వచ్చి, ఆ చదువుతో మా అత్తగారి పచ్చళ్ల జాడీలకు చీటీలు అంటిస్తూ ఉండేదాన్ని. ఊళ్లోని ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పడానికి రమ్మని నన్ను అడిగారు. శివరాత్రి సెలవులు అయిపోయేలోగా జవాబు చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. అత్తగారు కుదరదన్నారు. కోర్టులో గొంతు చించుకునే మా ఆయన తల్లి ముందు ఔననీ కాదనీ అనకుండా వాయిదాల మీద వాయిదాలు అడిగారు. చివరికి, "నువ్వెప్పటి నుంచో చూడాలంటున్నావుగా, కొండకు పోయొద్దాం పద" అన్నారు. నన్ను మరిపించడానికని నాకు తెలుసు. అయినా బయల్దేరాను, చూడాలని ఉంది కాబట్టి.

ఊరంతా కోటప్పకొండ తిరునాళ్లకు పోతుంటే మేము అటు కాకుండా మాచర్ల రైలెక్కాం. మాచర్లలో ఒక సాయిబు తాత బండి మాట్లాడుకుని, పొద్దుగూకే వేళకు లోయలోకి దిగాం. చుట్టూ బోడికొండలు, ముళ్లపొదలు, పొదల్లోంచి తలలెత్తిన రాతిస్తంభాలు. ఒక సర్వేయరు దగ్గర ఎరువు తెచ్చిన డేరా మాతో ఉంది. రాతినేలలో మేకు దిగకపోతే ఒక తాడు పదహారు వందల ఏళ్ల కిందటి ఇక్ష్వాకుల నాటి స్తంభానికే కట్టాం. పొయ్యికి నేను రాళ్లు ఏరబోతే బండితాత కేకేశాడు.

"నాపరాయి పెట్టబాకమ్మా! వేడికి పేలుద్ది, బువ్వ మొకాన పడుద్ది!"

అందుకని కూలిన బౌద్ధస్తూపం దిబ్బ కింద రాలిపడిన పాత ఇటుకలు తెచ్చాం. ఒక్కొక్కటీ పసిబిడ్డంత బరువు. ఒకదాన్ని దులుపుతుంటే దాని మీద నెలవంకలా వంగిన మూడు వేళ్ల గీతలు కనిపించాయి. నేను నేల అలికితే పడే గీతలు అచ్చం అలాగే ఉంటాయి.

"ఏమండీ, ఇది ఆడమనిషి చెయ్యి."

"వేళ్ల మీద ఆడా మగా అని రాసుంటదా ఏంది?"

"అలికిన చేతికి తెలియదా? మీరెప్పుడన్నా అలికారా?"

"అలకలేదు. అందుకే నేను తటస్థుణ్ణి." నా చేయి లాక్కుని వేళ్లు ఆ గీతల్లో పెట్టి చూశారు. సరిగ్గా సరిపోయాయి. "మా గుమాస్తా వేళ్లు నీకన్నా సన్నం. ఇది చెల్లదు."

"అయితే మీ గుమాస్తాని కోర్టు మాన్పించి ఇటుకలు కోయించండి."

బండితాత నవ్వాపుకోలేక ఎడ్ల వైపు తిరిగాడు. నాకు మండింది. పందెం కట్టాను. ఈ ఇటుకల పనిలో ఆడవాళ్ల చేయి కూడా ఉందని ఆయన చేత ఒప్పిస్తే, ఉద్యోగం సంగతి అత్తగారికి ఆయనే చెప్పాలి. ఒప్పించలేకపోతే ఇక ఆ ఊసెత్తను. తిరుగు ప్రయాణానికి బండి కట్టేదాకా గడువు.

"ఇటుక ముక్క మీద ఉద్యోగం పెడతావా? చానా ధైర్యమే నీకు!" అన్నారు.

మర్నాడు ముందు శిల్పాలన్నీ చూసి, ఆ తర్వాత పొద్దుగూకేదాకా దిబ్బ నుంచి దిబ్బకు తిరిగాం. ఎంత చిత్రమైన పనో చెప్పలేను. బుద్ధుణ్ణి చూడ్డానికొచ్చినవాళ్లం గోడల మొదట్లో మోకాళ్ల మీద పాకుతున్నాం. ఒక ఇటుక మీద కుక్క అడుగు. ఇంకోదాని మీద గొర్రె గిట్ట. ఒకచోట ఆకు ఈనెలతో సహా అచ్చుపడింది. ఎప్పుడో ఎండలో ఆరబెట్టిన ఇటుకల మీదుగా ఆ కుక్క పరుగెత్తితే ఎవరు తిట్టారో, ఏ భాషలో తిట్టారో అనుకుంటే నాకు ఆకలి కూడా గుర్తు రాలేదు. కొంతసేపటికి ఆయన కూడా నాకన్నా ముందే వంగి చూడసాగారు. కానీ ఆడమనిషి జాడ మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఆ మర్నాడు, ఆదివారం పొద్దున్నే నా మడమలో తుమ్మముల్లు విరిగింది. అడుగు తీసి అడుగు వేయలేను. పందెం పోయిందనే అనుకున్నాను. "ఏటివైపు ఎర్రదిబ్బ ఒకటి మిగిలింది, నేను చూసొస్తాలే" అని ఆయన ఒక్కరే వెళ్లారు. తిరిగొచ్చేసరికి బట్టల నిండా దుమ్ము.

"ఒప్పుకున్నా," అన్నారు.

"ఏం కనపడింది?"

"అరచెయ్యి. మణికట్టు దగ్గర గాజుల గీతలు, మట్టిలో దిగి."

"నన్ను తీసుకెళ్లి చూపించండి."

"కాలు కింద పెట్టలేవు. తాత బండి కట్టాడు. రైలు తప్పిద్ది."

"ఎత్తుకెళ్లండి మరి!"

"ఓడిపోయినోడి చేత మోయించుకుంటావా? బండెక్కు."

ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కోకముందే, ఆయన తల్లికి చెప్పేశారు. "ఇటుకని చూసి పెళ్లాన్ని ఉద్యోగానికి పంపే కొడుకుని కన్నానా నేను!" అని ఆవిడ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట తిన్నారు. నేను బడిలో చేరాను. ఇప్పటికీ చెబుతున్నాను.

పాఠం చెబుతుండగానే ఒకసారి నాకు తట్టింది. ఆ లోయలోని శిల్పాల్లో మగవాళ్ల చేతులకూ గాజులున్నాయి. రాజులకు ఉన్నాయి, బంట్లకు ఉన్నాయి. మేమిద్దరం పక్కపక్కన నిలబడి చూసినవే. నా వేళ్లకు గుమాస్తా వేళ్లను పోటీ తెచ్చిన ప్లీడరు ఆ పాయింటు ఎలా వదిలేశారు? అడిగితే, "తీర్పయిపోయిన కేసు, అప్పీలు లేదు" అంటారు.

ఆనకట్ట పని మొదలైనప్పటి నుంచి ఎందరో ఆ లోయను తవ్వారు, ఇటుక ఇటుకా తిరగేశారు, మోశారు. ఇప్పుడు అక్కడ నీళ్లు నిలిచాయి. మీలో ఎవరైనా ఆ పనికి వెళ్లి ఉంటే నాకొక్కటి చెప్పండి: ఏటివైపు ఎర్రదిబ్బలో, అరచేయీ గాజుల గీతలూ ఉన్న ఇటుక నిజంగా ఉందా?