తిరగని బల్బులు

నక్సలైట్ అన్నల భయానికి వీర్నపల్లి దగ్గర ఉన్న మా ఊరు విడిచి సిరిసిల్లలో అద్దెకు దిగిన ఏడాది, ఫ్యాను కొనడానికి జగిత్యాల వెళ్లాం. నాన్న మామూలు ఫ్యాను చాలన్నాడు. అమ్మ చూపు మాత్రం కింద నాలుగు బల్బులున్న ఫ్యాను మీద పడింది.

"ఫ్యాను తిరిగితే బల్బులు గూడ తిరుగుతయా?" అని అడిగింది. దుకాణదారు నవ్వి ధర చెప్పాడు. అమ్మ పట్టుబట్టి అదే కొనిపించింది.

బిగించడానికి వచ్చిన మెకానిక్ మా ఊరి కల్లుగీసే ఆయన కొడుకు. ఊళ్లో మాది దొరల ఇల్లు, వాళ్ల నాన్న ఏనాడూ మా గడప దాటి లోపలికి రాలేదు. ఇతనూ చెప్పులు విడిచి బయటే నిలబడ్డాడు.

"లోపటికి రావచ్చునా, దొరసానీ?"

"బయట నిలవడి ఎట్ల బిగిస్తవ్? రా. ముందు గా బల్బుల సంగతి చెప్పు."

అతను నేల మీద కూర్చుని ఫ్యాను విప్పాడు. అమ్మ ఎదురుగా కూర్చుంది. అతను మధ్యలోని రాడ్ పట్టుకుని చుట్టూ ఉన్న డొప్పను వేలితో తిప్పాడు.

"గీ రాడ్ తిరగది. సుట్టున్నదే తిరుగుతది. రాడ్ లోపట బోలుగుంటది, గా సందులకెల్లి వైరు కిందికి దిగుతది."

"వైరు మెలిక పడదా?"

"రాడ్ తిరిగితే గద, పడేది!"

అతను నిచ్చెన ఎక్కితే అమ్మే పట్టుకుంది. స్విచ్ వేయగానే రెక్కలు తిరిగాయి, బల్బులు కదలకుండా వెలిగాయి.

"నిజమే, తిరుగుతలెవ్వు!" అంది అమ్మ.

తర్వాత అతనికి చాయ్ మేం తాగే కప్పులోనే ఇచ్చింది. నాన్న అది చూసి, తన కప్పు అందుకున్నాడు. అతను ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తాగాడు.